రెండు స్కూపుల వెనీలా

మూడో అర నాదే.
బల్లారాట్‌లో, స్టర్ట్ వీధి మందుల షాపులో,
సోమవారం సోమవారం దుమ్ము తుడిచి
డబ్బాల మొహాలన్నీ రోడ్డు వైపు తిప్పుతాను.
డబ్బా మీద నడుము ఉంటుంది, మనిషి ఉండదు.
ఫోటో మెడ దాకా వచ్చి ఆగిపోతుంది.
మొహం చూపిస్తే
ఆ పిల్లకి ఆకలేస్తోందని తెలిసిపోతుందనేమో.

డెనీస్ వస్తుంది, బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే డెనీస్,
పచ్చరంగు మెరుపుకోటు విప్పకుండానే.
"ఇది పనిచేస్తుందా, వకుళా?"
నాకిచ్చే జీతంలో ఈ ప్రశ్నకి జవాబు లేదు.
"చాలామంది కొంటున్నారు" అంటాను.
అబద్ధం కాదు.
నిజానికి కాస్త ఎడంగా నిలబడ్డ మాట.

స్టాఫ్ డిస్కౌంటు పదిహేను శాతం.
నేనూ కొన్నాను, ఎవరికీ చెప్పకుండా.
పొద్దున రెండు స్కూపులు, మధ్యాహ్నం రెండు స్కూపులు,
రాత్రికి "తెలివైన భోజనం" అని రాసుంది.
అంటే ఇన్నేళ్ళూ నేను తిన్నది
మొద్దు భోజనమన్నమాట.

జూలై. కిటికీ అద్దం మీద మంచు.
గ్లాసు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి.
రుచా?
గోడకి వేసే ముందు బకెట్లో సున్నం కలుపుతారే,
దాని పక్కన నిలబడి
ఎవరో పాయసం గురించి మాట్లాడినట్టు.

లంఖణం పరమౌషధం అనేది మా నాయనమ్మ.
ఆవిడ లంఖణానికి ఖర్చు లేదు.
జ్వరం వస్తే పస్తు,
తగ్గితే పాత బియ్యం అన్నం, మిరియాల చారు.
ఆకలిని పొడి కొట్టి డబ్బాలో పోసి
నలభై తొమ్మిది డాలర్లకి అమ్మొచ్చని
పాపం ఆవిడకి తోచలేదు.

పక్కనే ఇంకో సీసా, ఏడు రోజుల ప్రక్షాళన అట,
గడ్డి కోసే మిషను కడిగిన నీళ్ళలా ఆకుపచ్చగా.
లోపలి విషాలన్నీ వెళ్ళగొడుతుందట.
ఏ విషాలో ఒక్కదాని పేరు చెప్పమంటే
కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు కీరన్
బ్రోషరు రెండోవైపు తిప్పి చూశాడు.
నలభై ఒక్క ఏళ్ళుగా సెలవు చీటీ పెట్టని నా కాలేయం
ఆ సంభాషణ వినకుండా ఉంటే బాగుణ్ణు.

మూడో రోజుకి కిలో పోయింది.
ఆరో రోజుకి మూడు.
ఎనిమిదో రోజు, దగ్గు మందుకి వచ్చిన ముసలాయనకి
చిల్లర ఇస్తూ
గుడ్ మార్నింగ్ మాత్రం
ఆయన చేతిలోని సాసేజ్ రోల్‌కి చెప్పాను.

తొమ్మిదో రాత్రి, పదిన్నర.
వాకిట్లో కారు లోపల లైటు వెలిగింది.
దొంగేమోనని తొంగి చూస్తే మా ఆయన,
డ్రైవరు సీట్లో, చలికోటు మీద,
ఒళ్ళో స్టీలు గిన్నె.
గోంగూర. పచ్చి ఉల్లిపాయ.
అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి.
నాకు వాసన తగలకూడదని
తొమ్మిది రోజులుగా ఇక్కడే తింటున్నాడట.

తలుపు తీసి పక్క సీట్లో కూచున్నాను.
తను ఏమీ అడగలేదు.
ముద్ద కలిపి నా వైపు చెయ్యి చాపి
చూపు మాత్రం రోడ్డు మీద పెట్టాడు,
ఎవరైనా పట్టుకుంటారేమో అన్నట్టు.
హీటరు కోసం ఇంజను వేసి ఉంచాడు,
సీటు బెల్టు పెట్టుకోమని
కారు నా మీద కుయ్యోమంటోంది.

పోయిన మూడు కిలోలూ
తిరుగు టికెట్టు కొనుక్కునే పోయాయి.
పదిహేను రోజుల్లో దిగాయి,
దారిలో కలిసిన చుట్టాన్ని ఒకర్ని
వెంటబెట్టుకుని మరీ.

ఈ సోమవారం డెనీస్ మళ్ళీ అడిగింది.
మేనేజరు వెనక గదిలో ఉంది.
డబ్బా నా చేతిలోనే ఉంది, స్కాన్ చేయలేదు.
"పొద్దున ఏం తిన్నావు?" అన్నాను.
ఆమె ఆలోచించింది.
చాలాసేపు ఆలోచించింది.
చంకలో ఆగుమనే ఎర్ర పలక అలాగే ఉంది,
దాని వెనక నలుగురు
బుద్ధిగా ఆగి ఉన్నారు.